గేదెల పేర్లతో మోగే కారు

చంద్రమౌళిని జగ్గయ్యపేట చుట్టుపక్కల పల్లెల్లో అందరూ డాక్టరు గారనే పిలుస్తారు. ఆయన డాక్టరు కాదు. ఎదకొచ్చిన గేదెలకు సూది వేసి, చిన్నాచితకా వైద్యం చేసే గోపాలమిత్ర. మొదట్లో ఆ సంగతి కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పి చూశాడు. "సర్లెండి డాక్టరు గారూ" అన్నారు. ఇరవై రెండేళ్ళయింది. ఇప్పుడు చెప్పడం మానేశాడు.

ఆయన ఫోన్లో మనుషుల పేర్లు ఉత్త పేర్లుగా ఉండవు. ఆయన తిరిగే ఊళ్ళలో సుబ్బరాయుళ్ళే పదకొండు మంది. అందుకని పేరుకు ముందు పశువును చేరుస్తాడు. 'తన్నుడు గేదె ఆశీర్వాదం', 'చూడి నిలవని ఆవు థామస్', 'కంగారు గేదె పుష్పవతి'. ఫోను మోగగానే ఏ కొట్టంలోకి వెళ్ళాలో, అక్కడ ఎటువైపు నిలబడకూడదో తెలిసిపోతుంది. ఫోను జేబులో ఉన్నంతకాలం ఈ పద్ధతి వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు.

మోకాళ్ళు మొరాయించాక మోటారుసైకిలు వదిలేసి సెకండ్ హ్యాండ్ ఆల్టో కొనుక్కున్నాడు. బండి మీదైతే ఫోను వచ్చినప్పుడు పక్కకు ఆపేవాడు. కారెక్కాక ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను. కిందటి వేసవిలో విజయవాడ నుంచి మందులు తెస్తూ, కీసర దగ్గర ఎవరి గేదెకో జ్వరం ఎన్నాళ్ళ నుంచని అడుగుతూ అడుగుతూ, ఆగి ఉన్న సిమెంటు లారీ కిందకు దూరబోయాడు. పక్కసీట్లో ఉన్న భార్య గీతాంజలి అరిచిన అరుపుకే బ్రేకు పడింది. ఇంటికి రాగానే ఆవిడ ఆయన్ని గుమ్మంలో ఆపి ఒట్టు వేయించుకుంది. కారు తాళం తిప్పితే ఫోను నోరు నొక్కి డాష్‌బోర్డు అరలో పెట్టాలి.

ఆయన ఒట్టు తప్పలేదు. అదే కొంప ముంచింది.

శ్రావణమాసంలో ఒక ఉదయం పెనుగంచిప్రోలు వైపు నుంచి తిరిగొస్తూ దారిలో టీకి ఆగి అర తెరిస్తే, ఏడు మిస్డ్ కాల్స్. ఏడూ నల్లగేదె సుబ్బరాయుడివే. చిల్లకల్లు దగ్గర హైవే దిగి లోపలికెళ్తే ఆయన ఊరు. చంద్రమౌళి వెళ్ళేసరికి ఇంకెవరో వచ్చి, ఈనలేక అల్లాడుతున్న గేదెను బతికించారు. దూడ మాత్రం కొట్టం బయట గోనెపట్టా కింద ఉంది. సుబ్బరాయుడు ఒక్క మాట తూలలేదు. "మీరేం చేస్తారులెండి" అన్నాడు, ఎటో చూస్తూ. మర్నాడు ఆటోలో జున్నుపాల సీసా పంపించాడు. గేదె ఈనితే డాక్టరుగారికి జున్నుపాలు పంపడం ఆ ఇంటి ఆనవాయితీ. దూడ పోయినా ఆనవాయితీ తప్పలేదు. గీతాంజలి జున్ను వండింది కానీ చంద్రమౌళి గిన్నె పక్కకు జరిపాడు. తిట్టినా బాగుండేదనుకున్నాడు.

ఆ తరవాత సుబ్బరాయుడి దగ్గర్నుంచి ఫోను రాలేదు. ఒక నెల కాదు, నాలుగు నెలలు. మిగతా ఊరంతా పిలుస్తూనే ఉంది. అయినా ఆ ఒక్క ఫోను రాకపోవడమే ఆయన్ని తొలిచేసింది. సుబ్బరాయుడు మళ్ళీ ఒక్కసారి పిలవాలి, అంతే ఆయన కోరిక.

ముందు చెవిలో పెట్టుకుని ఫోను మాట్లాడే బ్లూటూత్ కొన్నాడు. మూడోరోజునే అది పుష్పవతి గేదె కుడితి తొట్లో పడింది. గేదె దాన్ని మింగిందో లేదో ఇప్పటికీ తేలలేదు. చివరికి గీతాంజలే దారి చెప్పింది. "మా స్కూల్లో హెడ్మాస్టరు గారి కార్లో ఫోను స్క్రీను మీదకొస్తుందండి. ఫోను చేత్తో పట్టుకోనక్కర్లేదు. ఒట్టు నేనే వేయించా, నేనే మారుస్తున్నా. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మాట్లాడితే చాలు."

నందిగామలో కార్లకు స్టీరియోలు బిగించే రత్నబాబు కొట్టుకు వెళ్ళాడు. గోడ నిండా రకరకాల స్క్రీన్లు వెలుగుతున్నాయి. తొమ్మిది అంగుళాలది, సినిమాలు చూసుకునేది, వెనక కెమెరాతో వచ్చేది. చంద్రమౌళి కళ్ళు పెద్ద స్క్రీను మీద పడ్డాయి, అబద్ధమెందుకు. రత్నబాబు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఒకటే అడిగాడు.

"మీకు పాటలు ముఖ్యమాండీ, ఫోనా?"

"ఫోనేనండి. అవతల మనిషి కంగారులో ఉంటాడు. ఆయన చెప్పేది నాకు వినపడాలి, నేను చెప్పేది ఆయనకి వినపడాలి."

"అయితే ఆ పెద్దది మీకొద్దు. మీ ఆల్టో డాష్‌బోర్డు కోసి పెట్టాలి, నాకు మనసొప్పదు. ఈ ఏడంగుళాలది తీసుకోండి. మీ ఫోన్లో ఆండ్రాయిడ్ ఆటో ఉందిగా, వైరు పెట్టగానే ఇందులోకి వచ్చేస్తుంది. మైకు మాత్రం విడిగా వేస్తా. లోపలి మైకైతే మీ ఇంజను గోలే వినపడుద్ది అవతలోళ్ళకి."

పెద్ద సరుకు అంటగట్టే అవకాశం చేతిలో ఉండి వదులుకున్న మనిషిని చంద్రమౌళి ఆ రోజే చూశాడు. రత్నబాబు కారు వైరు ఒక్కటీ కత్తిరించలేదు. ఆల్టోకు సరిపోయే కప్లరు, అంటే వైర్లను కోయకుండా కలిపే ప్లగ్గు, వెతికి తెచ్చి, పాత రేడియో వైర్లను దానికి కలిపాడు. మైకును డ్రైవరు నెత్తిమీది ఎండతెర పక్కన అంచుకు బిగించాడు. బిగించగానే పంపేయలేదు. పక్కసీట్లో కూర్చుని, అద్దాలు దించి, లారీలు పోయే హైవే మీద కొంతదూరం నడిపించి, ఇంటికి ఫోను చేయించాడు.

"మాత్రలేసుకున్నారా?" అని గీతాంజలి గొంతు నాలుగు స్పీకర్లలోంచీ వచ్చింది. "బావిలోంచి మాట్లాడుతున్నట్టున్నారేంటండీ?"

రత్నబాబు మైకును రెండంగుళాలు కిందకు జరిపాడు. మళ్ళీ చేయించాడు. మూడోసారికి ఆవిడ "ఇప్పుడు పక్కనే ఉన్నట్టుంది" అంది. ఈలోగా స్క్రీను మీద పేర్ల జాబితా చూసి రత్నబాబు కళ్ళు పెద్దవయ్యాయి. "డాక్టరు గారూ, వీళ్ళంతా మనుషులేనాండీ?"

చంద్రమౌళి నవ్వేశాడు. ఆ పేర్లు ఇకమీదట కారెక్కిన ప్రతివాళ్ళకీ కనపడతాయని అప్పుడు తట్టలేదు.

నందిగామ దాటకముందే, బస్టాపులో తవుడు బస్తా పక్కన నిలబడి సుబ్బరాయుడు కనిపించాడు.  చంద్రమౌళి కారాపాడు. "ఎక్కండి సుబ్బరాయుడు గారూ, అటేగా నేనూ" అన్నాడు. సుబ్బరాయుడు ఒక క్షణం తటపటాయించి, బస్తాను వెనక్కెక్కించి ముందు కూర్చున్నాడు. కారు ఊరు దాటి మూడు మైళ్ళు వచ్చింది.

స్క్రీను మోగింది. పెద్దక్షరాల్లో 'తన్నుడు గేదె ఆశీర్వాదం'.

సుబ్బరాయుడు చదివాడు. మీసం కదిలింది. చంద్రమౌళి చెవులు ఎర్రబడ్డాయి, కానీ స్క్రీను మీద నొక్కాడు.

"డాక్టరు గారూ, నొప్పులు పడతందండి! ఒక కాలే బయటికొచ్చింది, రెండోది కనపట్టం లేదు. మా బామ్మర్ది లాగుదామంటన్నాడు."

"లాగొద్దు!" చంద్రమౌళి చూపు రోడ్డు మీదే ఉంది. "ఆశీర్వాదం, నామాట విను. రెండోకాలు లోపల మడతపడుంటది. నేనొచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు. వేణ్ణీళ్ళు, సబ్బు, కొబ్బరినూనె తీసిపెట్టు. పావుగంటలో నీ ముందుంటా. ఫోను పెట్టెయ్యకు, ఏమవుతుందో చెప్తానే ఉండు."

ఆ పావుగంటా ఆశీర్వాదం కారంతా నిండి మాట్లాడాడు. చంద్రమౌళి స్థిమితంగా జవాబులు చెప్పాడు. సుబ్బరాయుడు ముందుకు వంగి ప్రతి మాటా విన్నాడు. ఆశీర్వాదం ఇల్లు రాగానే చంద్రమౌళికన్నా ముందు ఆయనే దిగి, పంచె ఎగ్గట్టి, గేదె తల పట్టుకున్నాడు. "మీరు అటువైపు నిలబడకండి, తంతది" అని డాక్టరుకు తనే చెప్పాడు. చంద్రమౌళి చెయ్యి లోపలికి పోనిచ్చి, మడతపడ్డ కాలిని మెల్లగా సరిచేసి బయటికి తెచ్చాడు. ఇంకాసేపటికి పెయ్యదూడ గడ్డిమీద పడి, తుమ్మి, తల విదిలించింది. సుబ్బరాయుడు ఆ దూడను తన తువ్వాలుతోనే తుడిచాడు. తుడుస్తూ కళ్ళు కూడా తుడుచుకున్నాడు, అదే తువ్వాలుతో.

చంద్రమౌళికి ఆ క్షణాన ఎందరికో దణ్ణం పెట్టాలనిపించింది. ఒట్టు మార్చిన భార్యకు, మైకును మూడుసార్లు సర్దిన రత్నబాబుకు, కారెక్కనని మొహం తిప్పుకోని ఈ పెద్దమనిషికి.

సుబ్బరాయుడి ఇంటి ముందు కారాగింది. బస్తా దించుకున్నాక ఆయన కదల్లేదు. కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ఆశీర్వాదానికి ఆ పేరు పెట్టారు. నన్నేమని రాసుకున్నారండీ?"

చంద్రమౌళి స్క్రీను వైపు చూశాడు. సుబ్బరాయుడు జేబులోంచి ఫోను తీశాడు. నాలుగు నెలల తరవాత చంద్రమౌళి నంబరు వెతికి నొక్కాడు.

స్క్రీను వెలిగింది. 'ముందు ఈ ఫోను ఎత్తాలి సుబ్బరాయుడు'.

ఆయన పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరం చదువుకున్నాడు.

"ఆ రోజు రాత్రే మార్చానండి," అన్నాడు చంద్రమౌళి. "మీరు మళ్ళీ చేస్తే ఎత్తకుండా ఉండకూడదని."

ఫోను ఇంకా మోగుతూనే ఉంది. సుబ్బరాయుడు కట్ చేయలేదు. ఎత్తమన్నట్టు గడ్డంతో సైగ చేశాడు. చంద్రమౌళి స్క్రీను మీద నొక్కాడు. మూరెడు దూరంలో నిలబడ్డ మనిషి ఫోను చెవికి ఆనించుకుని, గొంతు సవరించుకుని మాట్లాడాడు. ఆ గొంతు కారంతా వినిపించింది.

"డాక్టరు గారూ, మా నల్లగేదె మళ్ళీ ఎదకొచ్చిందండి. రేపు పొద్దున్నే ఒకసారి రండి."

"పొద్దున్నే వస్తానండి," అన్నాడు చంద్రమౌళి, మనిషి పక్కనే ఉన్నా మైకులోకే.