గది నడుమ బరువు

మా అల్లుడికి నేను పెట్టుకున్న పేరు తూకాలరాయుడు. ఎదురుగా ఎప్పుడూ అనలేదు, వెనకాల మాత్రం అనని రోజు లేదు. సైన్యానికి సరుకులు మోసే పెద్ద విమానంలో లోడ్‌మాస్టర్ అతను. విమానం నడపడం అతని పని కాదు. దాని కడుపులోకి ఏ వస్తువు ఎక్కాలి, ఎక్కడ ఉండాలి, దేన్ని ఎన్ని గొలుసులతో కట్టాలి అన్నది అతని పని. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కూర్చోమంటే సోఫా ఒక కొస పట్టుకుని కాస్త ఎత్తి చూసి, అప్పుడు కూర్చున్నాడు. పిల్ల ముచ్చటపడింది కాబట్టి ఊరుకున్నాను గానీ, లేకపోతే ఆ రోజే దణ్ణం పెట్టి పంపేసేదాన్ని.

మనిషి మాత్రం చెడ్డవాడు కాడు. గంటల తరబడి ఆ ఇంజన్ల హోరులో ఉండి వస్తాడేమో, ఇంటికొచ్చిన రోజంతా చెవులు సరిగ్గా వినపడక అందరితోనూ అరిచినట్టు మాట్లాడతాడు. మా అమ్మాయి అతని నోటి మీద చెయ్యి వేసి గొంతు తగ్గించేది. తలుపు పక్కన ఎప్పుడూ ఒక సంచి సర్ది ఉండేది. ఫోన్ మోగితే చాలు, సగం తిన్న పళ్ళెం అక్కడే వదిలి వెళ్ళిపోయేవాడు. ఎక్కడికో చెప్పడు, ఎప్పుడొస్తాడో చెప్పలేడు. చెప్పగలిగింది తన పని గురించి మాత్రమే. ఆ పాఠం నాకు భోజనాల బల్ల దగ్గర గ్లాసులూ గరిటెలూ పేర్చి మరీ చెప్పాడు.

"బరువంతా మధ్యలో ఉండాలత్తయ్యా. మోసేవి రెక్కలు, రెక్కలుండేది మధ్యలో. బరువు తోకవైపు జరిగిందా, ముక్కు పైకి లేస్తుంది. ఇక అంతే సంగతులు."

"కట్టేసి ఉంటుందిగా, ఎలా జరుగుతుంది?"

"అందుకేగా కట్టేది. కట్టని వస్తువు ఉన్నచోట ఉంటుందని నమ్మకూడదు."

ఆ శీతాకాలం మా అమ్మాయికి ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి డాక్టరు మంచం దిగొద్దని ఖరాఖండిగా చెప్పింది. సరిగ్గా ఆ ఏడే వీళ్ళు ఒక పాత మేడ కొన్నారు. చలి మొదలయ్యేలోపు బాగుచేయించేద్దామని అల్లుడి లెక్క. అతని లెక్కలు గాల్లో తప్పవేమో గానీ నేలమీద తప్పుతూనే ఉండేవి. పై అంతస్తు గోడలు చెమ్మెక్కి ఉంటే గచ్చు అంతా గీకించాడు. అంతలో మంచు పడింది. ఈ చలికి సిమెంటు పట్టదు, ఎండ ముఖం చూశాక కబురు చెయ్యండి అని చెప్పి మేస్త్రీ తాపీ కడుక్కుని వెళ్ళిపోయాడు. నన్ను తోడుగా రమ్మంటే వచ్చాను.

ఆ ఇంట్లో వెచ్చగా ఉండేది ఒకటే గది. కింద ముందుగది. అందులో ఇనప పొయ్యి ఉంది. దాని వేడి తగిలేలా గది మధ్యలో అమ్మాయి మంచం వేశాం. నేను గోడవార చిన్న మంచం మీద. వంటగదిలోకి పోవాలంటే శాలువా కప్పుకుని పరుగెత్తాలి. మిగతా గదుల్లో బకెట్లో నీళ్ళు గడ్డకట్టేవి. చంటిబిడ్డ వచ్చే ఇల్లా ఇది అని నేను రోజుకోసారైనా సణిగేదాన్ని. అమ్మాయి కప్పువైపు చూస్తూ పడుకునేది.

పెరట్లో రేకుల షెడ్డు కింద గోడలకి అతికించే పలకల పెట్టెలు, సిమెంటు బస్తాలు, పై స్నానాలగది కోసం తెచ్చిన పోత ఇనుము తొట్టీ పెట్టి ఉంచాడు. మంచు బరువుకి ఒక పొద్దున షెడ్డు కూలింది. సిమెంటు తడిస్తే రాయి అవుతుందని అల్లుడు అన్నీ లోపలికి చేర్చాడు. కింద పెడితే దుమ్ము లేచి అమ్మాయికి దగ్గొస్తుందట, అందుకని పక్కింటి బస్సు డ్రైవరు సాయంతో అన్నిటినీ పైకి ఎక్కించాడు. గోడలకి పని మిగిలి ఉంది కాబట్టి గోడలు వదిలేసి, పైగది నట్టనడుమ పేర్చాడు. తొట్టి అడుగున, దాంట్లో బస్తాలు, చుట్టూ పలకల పెట్టెలు. తర్వాత విమానంలో వాడి తీసేసిన వెడల్పాటి పట్టీలు తెచ్చి, ఆ కుప్పంతా ఒకే దిమ్మ అయ్యేలా బిగించి కట్టాడు. నేను మెట్లెక్కి చూశాను.

"ఇల్లు ఎక్కడికైనా ఎగిరిపోతుందా నాయనా, ఇలా కట్టావు?"

"అలవాటత్తయ్యా. కట్టకపోతే నాకు నిద్రపట్టదు."

ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాడు తెల్లవారకముందే ఫోన్ మోగింది. ఎక్కడో భూకంపం వచ్చిందట, గుడారాలూ దుప్పట్లూ చేరవేయాలట. నాలుగైదు రోజులు పట్టొచ్చన్నాడు. అమ్మాయి నుదుటి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, సంచి తీసుకుని వెళ్ళాడు.

అతను వెళ్ళిన దగ్గర్నుంచీ నాకు గుండెల్లో గుబులే. అమ్మాయి పక్కకి తిరిగితే నొప్పేమో అనిపించేది, తిరక్కపోతే స్పృహ తప్పిందేమో అనిపించేది. మంచుకి దారి మూసుకుపోతే ఆసుపత్రికి ఎలా పోవడం అని కిటికీ దగ్గర నిలబడి వీధి చూసేదాన్ని. అమ్మాయి దిగులు వేరు. రేడియోలో వాతావరణం గురించి చెబుతుంటే ఊపిరి బిగబట్టి వినేది. దుప్పటి మీద సున్నం పొడి రాలితే ఎలుకలనుకుని దులిపేశాను. మర్నాడు మళ్ళీ రాలింది, మళ్ళీ దులిపాను. గది తలుపు పై అంచు పట్టేసి మూసుకోవడం మానేసింది. చలికి చెక్క బిగిసిందనుకుని వడ్రంగిని తిట్టుకున్నాను. భయపడాల్సిన దానికి తప్ప అన్నిటికీ భయపడ్డాం మేం.

ఇక గాల్లో జరిగింది వాళ్ళ కెప్టెన్ తర్వాత చెబితే తెలిసింది. దారిలో ఒకచోట ఆగి పెద్ద జనరేటరు ఎక్కించుకున్నారు. ఆ లోడులో అన్నిటికన్నా బరువైంది అదే. అల్లుడు దాన్ని మధ్యకి తెప్పించి, నాలుగు మూలలా గొలుసులు వేసి, ప్రతి గొలుసూ చేత్తో లాగి చూశాడు. విమానం లేచి సముద్రం మీదికి వచ్చింది. అతను గోడ పక్క మడతకుర్చీలో కూర్చుని ఆ జనరేటరు వైపే చూస్తున్నాడు. దీన్ని కింద నుంచి రెక్కలు మోస్తున్నాయి. మరి నా ఇంట్లో నడుమ పెట్టిన దాన్ని ఏది మోస్తోంది? అక్కడ మోసేవి గోడలు. నడుమ కింద ఉన్నది నా భార్య మంచం. అలా తట్టిందట అతనికి.

కెప్టెన్ దగ్గరికి వెళ్ళేసరికి అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఇంటి సంగతులు రేడియోలో మాట్లాడటం వాళ్ళకి నిషిద్ధం. ఆ కెప్టెన్ మహా కచ్చితమైనవాడు కూడా. కానీ ఇన్నేళ్ళలో అల్లుడు అతన్ని ఏదీ అడిగి ఉండలేదు. ఏం చెప్పాలో రెండు ముక్కల్లో చెప్పమన్నాడు. కింద వాళ్ళ విమాన స్థావరంలో ఉన్నవాళ్ళు విన్నామన్నారు, ఇంటికి ఫోన్ చేస్తామన్నారు. ఆ వెంటనే గరగరమని శబ్దం, మాట తెగిపోయింది. కబురు స్థావరానికి చేరిందని తెలుసు. ఇంటికి చేరిందో లేదో తెలీదు. మిగతా దారంతా అతను కూర్చోలేదట. గొలుసులు చూసుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాడట.

ఇక్కడ మాకు ఫోన్ మోగింది. అప్పటికి చేతిఫోన్లు రాలేదు, గోడకి తగిలించిన ఫోన్. మధ్యాహ్నం, అమ్మాయి అప్పుడే కళ్ళు మూసింది. ఎవరో కొత్త గొంతు, స్థావరం నుంచి మాట్లాడుతున్నానమ్మా అన్నాడు. విమానంవాళ్ళ ఇళ్ళకి అలాంటి కొత్త గొంతు ఎందుకు ఫోన్ చేస్తుందో నాకు తెలుసు. గోడ పట్టుకున్నాను.

"మా అల్లుడు బతికే ఉన్నాడా బాబూ?"

"ఉన్నారమ్మా, గాల్లో ఉన్నారు. ఆయనే చెప్పమన్నారు. పైగదిలో బరువు నడుమ పెట్టేశారట. కింద పడుకున్నావిడని వెంటనే అక్కణ్ణించి మార్చమన్నారు. పైకి ఎవరూ ఎక్కొద్దన్నారు."

తలెత్తి చూశాను. ఎలుకల్ని తిట్టడానికి తప్ప ఇన్నాళ్ళూ నేను పైకి చూడలేదు. కప్పు మధ్యలో కిందికి ఉబ్బి ఉంది. మంచానికి సరిగ్గా పైన, ఒక గోడ నుంచి మరో గోడదాకా సన్నటి చీలిక పాకి ఉంది. ఫోన్ వదిలేసి వీధిలోకి పరుగెత్తి బస్సు డ్రైవర్ని కేకేశాను. అతను అన్నం చేత్తోనే వచ్చాడు. వంటగది కుర్చీ తెచ్చి, అమ్మాయిని దుప్పట్లతో సహా అందులో కూర్చోబెట్టాం.

"కదలొద్దని డాక్టరమ్మ చెప్పింది కదే అమ్మా."

"డాక్టరమ్మ ఈ కప్పు చూడలేదు. నోర్మూసుకుని నా మెడ పట్టుకో."

అతను వెనక, నేను ముందు. గుమ్మం, మెట్లు, మంచు పేరుకున్న వాకిలి. నా వయసుకి అంత బరువు ఎలా ఎత్తానో ఇప్పటికీ తెలీదు. కాలు జారితే నలుగురం పడతాం, అందులో ఒకరు ఇంకా పుట్టనేలేదు. పక్కింటి వంటగదిలో కుర్చీ దించాం. డ్రైవరు భార్య పొయ్యి రాజేస్తుండగా మా ఇంట్లోంచి ఆ చప్పుడు వచ్చింది. నేల అదిరింది. అమ్మాయి పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని నా ముఖంలోకి చూసింది.

చెమ్మకి ఒక దూలం కొస లోపల్లోపలే చీకిపోయి ఉందట. ఆ సంగతి ఎవరికీ తెలీదు. మిగతా దూలాలు మూడు రోజులు ఓపిక పట్టాయి. అల్లుడు అంత గట్టిగా కట్టకపోయి ఉంటే పెట్టెలు విడివిడిగా జారేవేమో. కుప్పంతా ఒకే దిమ్మగా దిగింది. మంచం నాలుగు కాళ్ళూ నేలకి పరుచుకుపోయాయి.

ఫోను తీగ దానికిందే తెగింది. స్థావరం నంబరు అల్లుడు ఫోను పక్క గోడ మీదే రాసిపెట్టాడు, ఆ గోడ గచ్చు కూడా రాలిపోయింది. మేం క్షేమం అని చెప్పడానికి దారి లేదు. డ్రైవరు డిపో నుంచి ఎవరెవరికో ఫోన్ చేశాడు గానీ పేరు తప్ప వివరాలేవీ లేనివాడి మాట ఎవరు వింటారు. వచ్చేసరికి ఇంకా రెండు రోజులు పడుతుందిగా, ఈలోపు ఎలాగోలా చెబుదాంలే అనుకున్నాం. నా భయమంతా అమ్మాయి మీదే ఉంది. కుర్చీలో కుదిపి తెచ్చామే, నొప్పులొస్తాయేమోనని పక్కనే కూర్చుని గడియకోసారి అడుగుతూనే ఉన్నాను. నొప్పులు రాలేదు. తెల్లవారుతుండగా బిడ్డ తన్నిందని చెప్పి ఏడ్చింది.

అమ్మాయి మందులు వంటగది అల్మరాలో ఉండిపోయాయి. తెల్లారాక, వెనకవైపు నుంచి వెళ్ళి తెద్దామని ఇంటికి వెళ్ళాను. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ముందుగదిలో అల్లుడు మోకాళ్ళ మీద ఉన్నాడు. సరుకు దించేసి విమానం తిన్నగా వెనక్కి వచ్చేసిందట. దిగగానే స్థావరంవాళ్ళని అడిగాడు. ఎవరో పెద్దావిడ ఫోన్ ఎత్తారు, మాట వినగానే వదిలేశారు, ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోన్ మోగడం లేదు అని చెప్పారు. వాళ్ళకి తెలిసింది అంతే. అక్కణ్ణించి పరుగున వచ్చినట్టున్నాడు, యూనిఫారం మీద కోటు కూడా లేదు.

పలకల పెంకులు చేత్తో లాగి వెనక్కి పారేస్తున్నాడు. దూలం కింద నలిగిన పరుపు మూల ఒకటి బయటికి వచ్చింది. దాన్ని పట్టుకుని లాగుతున్నాడు, రావడం లేదు. పట్టీలు ఇంకా తెగలేదు. వాటిని విప్పబోతే బిగుసుకుపోయి ఉన్నాయి. తను వేసిన కట్టు తన చేతికే లొంగడం లేదు. వేళ్ళు చీరుకుపోయి పెంకుల మీద నెత్తురు మరకలు. అమ్మాయిని పేరుపెట్టి పిలుస్తున్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోదు.

"నాయనా," అన్నాను. వినపడలేదు. "అది పక్కింట్లో ఉంది నాయనా, బాగానే ఉంది." అప్పుడూ వినపడలేదు. ఇంజన్ల హోరు ఇంకా చెవుల్లో ఉందో, వినే ధైర్యమే లేదో. ఆ పెళ్ళల మీదికి ఎక్కి, అతని ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాను. నన్ను చూసి ఇంకా వణికిపోయాడు. నేనొక్కదాన్నే మిగిలాననుకున్నాడు.

మాటలతో లాభం లేదనుకుని చెయ్యి వదలకుండా వీధిలోకి లాక్కొచ్చాను. పక్కింటి మెట్ల దగ్గర ఆగిపోయాడు. లోపలికి అడుగు వెయ్యడు. నేను తలుపు తోసి పిలిచాను. లోపల్నుంచి అమ్మాయి గొంతు, కాస్త విసుగ్గా, "మందులు దొరికాయా అమ్మా?" అంది.

ఆ మాట అతనికి వినపడింది. అక్కడే మెట్టు మీద, మంచులో చతికిలబడి, నెత్తుటి చేతుల్లో ముఖం దాచుకున్నాడు. మూడు రోజులు నా బిడ్డని ఆ దిమ్మకింద పడుకోబెట్టాడన్న కోపం నిన్న మధ్యాహ్నం నుంచీ నా నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎదురుపడగానే ఏమేం అడగాలో వరసగా పెట్టుకుని ఉన్నాను. నా శాలువా తీసి అతని భుజాల మీద కప్పాను.

"లే నాయనా," అన్నాను. "లోపలికి పద. నిన్నటి నుంచీ నువ్వెక్కడున్నావోనని అది అన్నం ముట్టలేదు."