కంబాలు లేని మిద్దెకు అర్థం

మా ముత్తాత ఆత్మకూరు దగ్గరి మా ఊరికీ, చుట్టుపక్కల పల్లెలకూ మునసబు. మా తాత కాలానికి అధికారం పోయింది, మర్యాద మిగిలింది. భజన గుంపు తత్వం పాడి, తంబూరా ఒళ్లో పెట్టుకుని ఆయన వైపు చూసేది. తత్వంలో చెరువంటే చెరువు కాదు, చిలుకంటే చిలుక కాదు. లోపలి అర్థం ఆయన చెప్పందే మరో పాట ఎత్తుకునేవారు కాదు. నాన్న తరువాత ఆ పని నాకు వచ్చింది. వినేవాళ్లు తగ్గారు. నేను మాత్రం వీపు నిటారుగా పెట్టి కూర్చోవడం మానలేదు.

కడపలో ఇంజనీరింగు చదివే మా అమ్మాయి స్నేహితురాళ్లతో కలిసి రాక్ బ్యాండు పెట్టింది. కాలేజీ వార్షికోత్సవంలో తను రాసిన పాట పాడాలనుకుంది. ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. ఎవరో పెద్దమనిషిని ఎగతాళి చేసినట్టుందట. తండ్రిని పిలిపించమన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాను.

ఆయన గదిలో అమ్మాయి ఫోనులో పాట వినిపించింది. గిటార్లు, డ్రమ్ముల మోత. ఆ మోత మీద తన గొంతు:

కంబాలు పాయె, మిద్దె పడలా,
ఇనుప పైపుల మీద నిలబడుకోని
మీసం తిప్పుతాంది సూడు!

"ఎవరి మిద్దెమ్మా ఇది? ఆ మీసం ఎవరిది? రేపు ఆయప్ప వచ్చి నా మీద పడితే?" అన్నాడు ప్రిన్సిపాల్. అమ్మాయి తల దించుకుంది.

మొదటి పాదానికే నాకు తెలిసిపోయింది. అది మా మిద్దె. నడిమింట్లో టేకు కంబాలు తీయించి, పైకప్పుకు ఇనుప పైపులు నిలబెట్టించి, చెద పట్టిందని ఇంట్లో చెప్పింది నేనే. అమ్మాయి నోరు తెరిచేలోగా గొంతు సవరించుకున్నాను.

"మిద్దె అంటే మిద్దె కాదు సార్, శరీరం. కంబాలు ఎముకల బలం. వయసుతో పోతుంది. పైపులు నాడులు. అప్పటికీ చావని అహంకారమే మీసం. ఇది తత్వం. వాయిద్యాలు కొత్తవి, అంతే."

తాత లాగే ఆగాల్సిన చోట ఆగుతూ చెప్పాను.

"అబ్బా! ఇంత ఉండాదా ఇందులో? నేను ఊరి గొడవ అనుకుంటి. పాడుకోమ్మా. పెద్దాయన్ను కూడా పిల్చుకొని రా, స్టేజీ మీద ఈ అర్థం చెప్పించుదాం."

ఆ మాటకు నా మెడ వంగింది.

బయట వరండాలో, డ్రమ్ములు వాయించే పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. "పైపులు నాడులా అంకుల్! మాకే తెలీకపాయె."

"నువ్వు పో మే," అని మా అమ్మాయి దాన్ని పంపేసింది. నా ముఖంలోకి చూసింది. "మన ఇల్లని తెలిసే చెప్పినావు కదా నాయనా?"

నేను ఇస్త్రీ చొక్కా మడతలు సరిచేసుకున్నాను.

"నువ్వు ఇంటావనే రాసినా. దానికి కూడా అర్థం చెప్పేస్తివి."

నా దగ్గర వేరే అర్థం లేకపోయింది. "చెద పట్టలేదమ్మా," అన్నాను.

"నాకు తెలుసు. యాడికి పోయినాయో నీ నోటితో చెప్పు."

నడిమింటి ఆరు కంబాలూ, వాటి కింది రాతి పీటలూ, బెంగళూరు నుంచి పాత కలప కొనేవాడు లారీ తెస్తే అమ్మేశానని చెప్పాను.