ఆరో మెట్టు మీద రెండో పగులు

తార్నాకలో నాకు తెలిసిన ఒకావిడ పట్టపగలు, కుర్చీలోంచి లేవకుండా, ఇద్దరు కానిస్టేబుళ్లు జిరాక్సుల కోసం నిలబడి చూస్తుండగానే ఒక నిండు మనిషిని మాయం చేసింది. కేసు కాలేదు. పని కాగానే డబ్బా తెరిచి పెరుగన్నం తిన్నది.

ఆమె పేరు ప్రిస్కిల్లా. వాళ్లది ఏలూరు దగ్గర. నాన్నకు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా ఉద్యోగం వస్తే చిన్నప్పుడే ఇటు వచ్చేశారు. ఇరవై రెండేళ్లుగా తార్నాకలో డీటీపీ షాపు నడుపుతోంది. పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో పేరు ముందు డాక్టర్ అని పెట్టుకున్నవాళ్లలో సగం మంది థీసిస్‌లు ఆమె టైపు చేసినవే. మిగతా సగం మంది ఆ సగాన్ని చూసి రాసుకున్నారు. నాదీ మొదటి అధ్యాయం దాకా ఆమే చేసింది. రెండో అధ్యాయం రాస్తే విశ్వవిద్యాలయం తట్టుకోలేదని నేనే దయతలచి చదువు మానేశాను. అప్పటినుంచి ఆ షాపులోని ప్లాస్టిక్ కుర్చీ నాది.

మూడేళ్ల కిందట క్యాంపస్‌లోని ఒక పాత రాతి భవనానికి మరమ్మతులు మొదలయ్యాయి. చుట్టూ పరంజా కట్టారు. ఆ ఇనుప గొట్టాలు కనబడకుండా, భవనం ఫోటోనే భవనమంత జాలీ గుడ్డ మీద అచ్చువేసి పైనుంచి కప్పాలనుకున్నారు. ఫోటో శుభ్రం చేసే పని ప్రిస్కిల్లాకు వచ్చింది. కరెంటు తీగలు, స్కూటర్లు, గోడమీది పోస్టర్లు, పావురాల రెట్టలు అన్నీ తుడవాలి.

ఆ ఫోటోలో ఆరో మెట్టు మీద చీపురు పట్టుకుని కూర్చున్న ఇన్నయ్య ఉన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ మెట్లు ఊడ్చేది ఆయనే. ఆ నెలాఖరుకు రిటైర్మెంటు. పెన్షన్ కాగితాలు జిరాక్సు తీయించడానికి షాపుకొచ్చి, తెరమీద తనను తాను చూసుకున్నాడు.

"మేడమ్, గిది నేనే గదా."

"మీరే, ఇన్నయ్య గారూ. చీపురుతో సహా."

ఆయన తెర దగ్గరికి వంగాడు. "నన్ను ఉండనియ్యున్రి మేడమ్. గీ నెలైతే నేను గాడ ఉండ. గా బట్ట మీదనన్న ఉంట."

"ఉంచుతానండి," అంది ప్రిస్కిల్లా.

నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. "ఉండుడేంది కాకా, నీ మీసమే ఆటో అంత ఉంటది. మౌలాలి గుట్ట మీదికెంచి గుర్తువడ్తరు," అన్నాను.

"నువ్వు చెప్పేదాంట్ల ముప్పావు తీసేసినా ఆటో చక్రమంత ఉంటది," అని ఇన్నయ్య మీసం సవరించుకున్నాడు.

గుడ్డ కట్టిన మర్నాడు మల్కాజ్‌గిరి నుంచి రెండు ఆటోలు వచ్చాయి. ఇన్నయ్య, ఆయన భార్య రాములమ్మ, ఇద్దరు కోడళ్లు, పక్కింటివాళ్లు. ముందు నేను, దారి చూపిస్తూ. పైకి చూస్తే గుడ్డ మీద స్తంభాలున్నాయి, కిటికీలున్నాయి, కడిగిన పళ్లెంలాంటి మెట్లున్నాయి. మెట్ల మీద ఎవరూ లేరు.

"ఏడున్నవ్ మామా?" అని చిన్నకోడలు అడిగింది.

అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించే రాములమ్మ కొంగు నొసటికి అడ్డం పెట్టుకుంది. "ఎండకు కండ్లు కనబడ్తలేవు. పాండ్రి, మల్లొద్దాం."

ఇన్నయ్య కదల్లేదు. "ఆరో మెట్టు అంచుకు పగులు ఒక్కటే. నేను పనికెక్కిన ఏడు నీళ్ల డ్రమ్ము పడి పగిలింది," అన్నాడు. "గీడ రెండున్నయి. ఒక్క తీరుగనే ఉన్నయి."

ఫోటోలో ఒక మనిషిని తుడవాలంటే పక్కనున్న రాతిని తెచ్చి ఆయన మీద అద్దాలి. ఆ రాయి తన పగులుతో సహా వచ్చింది. పట్నమంతా చూసినా ఎవరికీ తెలియదు, ఆ మెట్టు ఊడ్చినవాడికి తప్ప.

ఇంటివాళ్లను ఆటో ఎక్కించి నేరుగా షాపుకొచ్చాడు. ప్రిస్కిల్లా ఆయన్ని చూసి, నిండుగా ఉన్న ప్రింటర్‌లోనే ఇంకా కాగితాలు పెట్టబోయింది.

"మేడమ్, పగులు రెండైంది."

"మనుషులు ఉండకూడదన్నారండి, ఆఫీసువాళ్లు."

"అన్నరా. పెద్దోళ్లు అన్నంక మీరేం జేస్తరు మరి." చేతిలో ఉన్న బాలుషా పొట్లం టేబుల్ మీద పెట్టాడు. "అందరు చూసినంక ఇద్దామని తెచ్చిన. తినున్రి."

ఆ పొట్లం రెండు రోజులు అక్కడే ఉంది. మూడోరోజు నేను తిన్నాను.

పది నెలలన్న గుడ్డ రెండేళ్లు దాటినా దిగలేదు. అన్నాళ్లూ ప్రిస్కిల్లా క్యాంపస్ లోపల అడుగుపెట్టలేదు. బైండు చేసిన థీసిస్‌లు ఇచ్చి రావడానికి నన్ను పంపేది. దారి మర్చిపోయావా అని ఏడిపిస్తే, "ఎండ," అనేది. జనవరిలో కూడా ఎండే.

ఈ వేసవిలో గుడ్డ దించారు. ఇన్నయ్య అడిగి ఒక ముక్క తెచ్చుకుని ఇంటి ముందు నీడకు కట్టుకున్నాడు. చూడ్డానికి వెళ్లాను. మంచానికి సరిగ్గా పైన రెండు పగుళ్లు. వచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి చూపిస్తున్నాడు: "దీని కింద నేనున్న. మేడమ్ ఉంచింది, ఆఫీసోళ్లే తీపిచ్చిన్రు. మేడమ్ మాటంటె మాటే."

వచ్చి ఆ మాట ప్రిస్కిల్లాకు చెప్పాను. ఆమె టైపు చేస్తూనే ఉంది.

తరవాత ఇదంతా రాసి, అలవాటు ప్రకారం ఆమెకే టైపింగుకి ఇచ్చాను. ఇక్కడిదాకా కొట్టి, కుర్చీ నా వైపు తిప్పింది.

"కానిస్టేబుళ్లు లేరు. పెరుగన్నం కాదు, ఉప్మా. మనుషులు వద్దని ఆఫీసువాళ్లు అనలేదు, ఎవరూ అనలేదు. చీపురు బాగాలేదనిపించి ముందు దాన్ని తీశాను. అప్పుడు ఆయన చెయ్యి గాలిలో ఉన్నట్టు కనబడింది. అందుకని ఆయన్నీ తీసేశాను. నాలుగు నిమిషాలు పట్టింది."