బస్సులో ఊసబియ్యం

కొత్తవాళ్లను పలకరించాలంటే నాకు భయం. అందుకే జహీరాబాద్‌లో న్యాల్‌కల్ బస్సెక్కగానే కిటికీవైపు మొహం తిప్పేశాను. పక్కనున్న పెద్దామె ఒళ్లో, తువ్వాలు మూటలో, కాల్చిన పచ్చజొన్న కంకులున్నాయి. ఆమె మాత్రం ముట్టుకోవడం లేదు. పొగవాసన కమ్మగా తగులుతోంది. వీటినెలా తింటారో చూడాలన్న కుతూహలం చివరికి నా భయాన్ని మించిపోయింది.

"ఇవేంటమ్మా?" అన్నాను.

"ఊసబియ్యం బిడ్డా. చెయ్యి పట్టు."

కంకిని అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదేసి, లేత గింజలు నా చేతిలో పోసింది. తియ్యగా ఉన్నాయి. నేను తిన్నాక తనూ ఆబగా నోట్లో వేసుకుంది.

"ఇంతసేపూ మీరెందుకు తినలేదు?"

"పక్క మనిషికి పెట్టకుంట ఎట్ల తింట? పట్నమోళ్లు తింటరో తినరో అని అడగనీకి నాకు భయమాయె. నువ్వేమో జహీరాబాద్‌ల తిప్పిన మొఖం ఇప్పుడు ఇటు తిప్పితివి!"