వరుస చెడకూడని మిల్లు

పోయిన వారం ఆదోని కాలేజీలో పాఠాలు చెప్పే ఒక కుర్ర లెక్చరరు మా ఇంటికి వచ్చాడు. కొత్త యంత్రాలు, కొత్త పద్ధతులు పెద్ద కంపెనీల్లో ముందు వస్తాయా, చిన్నవాటిలోనా అన్నది అతని పరిశోధన. మాది ఒకప్పుడు ఊళ్లో పెద్ద జిన్నింగు మిల్లని ఎవరో చెప్పారట. పడిపోయిన కుటుంబాన్ని చూడవచ్చేవాళ్లు సాధారణంగా గొంతు తగ్గించి మాట్లాడతారు. ఇతను తగ్గించలేదు, అందుకు సంతోషించి కాఫీ తెప్పించాను. అయినా అతని కాగితం మీది గళ్లలో పట్టే జవాబు నా దగ్గర లేకపోయింది. చెప్పబోతే ఆయాసం వచ్చింది. రాయడం కొంత నయం.

డెబ్బైల్లో మా మిల్లుకు పెద్ద మా పెదనాన్నగారు. పొడవాటి షెడ్డులో పత్తి గింజ తీసే జిన్నులు ఒకే వరుసలో ఉండేవి. పైకప్పు కింద ఒకే ఇనుప షాఫ్టు ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతుంటే, దాని మీద నుంచి దిగిన బెల్టులు అన్ని జిన్నులనూ తిప్పేవి. గాలి నిండా దూది నూగు, బేరింగులకు పోసిన ఆముదం వాసన. దసరాకు అన్ని జిన్నులకూ ఒకే కొలత బొట్టు పెట్టేవాళ్లు. ఒకదాని మూతకు రంగు పోతే పెదనాన్నగారు అన్నిటికీ కొత్త రంగు వేయించేవారు. వరుసలో ఏదీ వేరుగా కనపడకూడదు. బయటివాళ్లకు అది చాదస్తం. మాకు అది పరువు, ఇప్పటికీ నవ్వడానికి నాకు మనసొప్పదు.

ఆ రోజుల్లో సంకర పత్తి వచ్చింది. దానితో పాటు ఎండుటాకు, పుల్ల, దుమ్ము కూడా వచ్చాయి. దూది కొనడానికి కోయంబత్తూరు నుంచి వచ్చే ఏజెంటు మా దూదిని వేళ్ల మధ్య నలిపి, ధర అడగకుండానే కింద పెట్టడం మొదలుపెట్టాడు. ఎమ్మిగనూరులో ఒక రేకుల షెడ్డులో రెండే జిన్నులు నడుపుకునే ఆసామి ఒకాయన ఉండేవాడు. నాన్నగారు ఆయన్ను భాయ్ అని పిలిచేవారు. ఆయన తారు డ్రమ్ముకు జల్లెడ బిగించి, లోపల మేకుల కడ్డీ తిప్పి, పత్తి జిన్నులో పడకముందే చెత్త రాలిపోయేలా చేశాడు. మొదటి డ్రమ్ము పత్తిని చింపింది. రెండోది పత్తిని గోడకేసి కొట్టింది. మూడోది పనిచేసింది. ఏజెంట్లు ముందు అక్కడ దిగడం మొదలుపెట్టారు. వాళ్లు పూర్తిగా అటు తిరిగితే మా మిల్లు మూతపడేదే.

నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని దాన్ని చూడటానికి వెళ్లారు. "పాడైతే ఏం చేస్తావు భాయ్?" అని అడిగారు.

"ఏముందన్నా, మా బీబీ తిడ్తాది. మాపటికల్లా ఇప్పి పారేస్తా," అన్నాడాయన. "మీ మిల్లులో పాడైతే పంచాయితీ పెట్టల్ల. రమ్మంటే నేనే వచ్చి మీ కొసాకర జిన్నుకు ఒగటి బిగిస్తా."

ఆ మాటే నాన్నగారు ఇంటికొచ్చి చెప్పారు. పెదనాన్నగారు భోజనం ముగించి, చెయ్యి కడుక్కుంటూ అన్నారు:

"ఒగదానికి పెడితే, తక్కినవన్నీ పనికిరానివని మనమే సెప్పుకున్నట్ల గాదా? పెడితే అన్నిటికీ పెట్టల్ల."

"ఒగటి పెట్టి సూద్దామన్నా. బాగలేకుంటే తీసేద్దాం."

"పెట్టేది, తీసేసేది యెమ్మిగనూరోళ్ల పని. మనది గాదు."

భాయ్ డ్రమ్ము కొలతలకే అన్ని డ్రమ్ములూ చేయించడంలో ఒక సీజను గడిచిపోయింది. మరుసటి దసరాకు అన్నీ ఒకే పచ్చ రంగుతో వరుసగా నిలబడ్డాయి. చూడటానికి నిజంగా బాగుండేవి. కానీ భాయ్ డ్రమ్ము తన సొంత మోటారు మీద తిరిగేది. మావన్నీ ఒకే షాఫ్టుకు వేలాడినాయి. ఆ బరువుకు మిల్లు అదరసాగింది. సీజను మధ్యలో కొసన ఉన్న బేరింగు కాలి, ఆముదం పొగ లేచి, షాఫ్టు పట్టేసింది. ఒక్క జిన్ను కాదు, మిల్లంతా ఆగింది. రోడ్డు దాకా నిలిచిన పత్తి బండ్లు ఒక్కొక్కటిగా ఎమ్మిగనూరు దారి పట్టాయి. పెదనాన్నగారు చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డారు.

విషయం తెలిసి భాయ్ పిలవకుండానే వచ్చాడు. బేరింగు తడిమి, "ఒగటి పెట్టి సూసింటే షాఫ్టు మోయదని ఆ పొద్దే తెల్సేది గదన్నా," అన్నాడు నాన్నగారితో. పెదనాన్నగారు విన్నారు. భాయ్‌కు కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, మర్నాడు డ్రమ్ములన్నీ పీకించారు. ఒకదానికైనా వేరే మోటారు పెట్టి ఉంచుకుందామని నాన్నగారు బతిమాలారు. కుదరలేదు.

ఎనభైల్లో మిల్లు మూతపడ్డాక భాయ్ రెండు జిన్నులు కొనుక్కుంటానని వచ్చాడు. "తీసుకుంటే వరుసంతా తీసుకో అప్పా," అన్నారు పెదనాన్నగారు. భాయ్ సలాం చేసి వెళ్లిపోయాడు. వరుసంతా కలిసే పాత ఇనుముకు పోయింది.

మాకు కాలం కలిసిరాలేదని ఇంట్లో అంటుంటారు. నేను ఎదురు చెప్పను. కానీ కాలం మా గుమ్మానికి కూడా అందరికీ వచ్చినట్టే ఒక్కొక్క రోజుగా వచ్చింది. మేము దాన్ని అలా చిల్లరగా పుచ్చుకోవడానికి ఒప్పుకోలేదు, అంతే.