చెలమ నీళ్లు

నా చిన్నప్పుడు నన్ను ఒకచోట కూర్చోబెట్టడం మా ఇంట్లో ఎవరి తరమూ కాలేదు. గుణదలలో ఇంటి నుంచి పటమటలో బడికి వెళ్లాలంటే దారిలో నలుగురిని పలకరించి, రెండు గోడలెక్కి దూకాల్సిందే. ఇప్పటికీ అంతే లెండి, ఈ నాలుగు ముక్కలు రాయడానికే మూడుసార్లు లేచాను.

అలాంటిదాన్ని ఓ వేసవి సెలవుల్లో మా నాన్న రెండు రోజులు పడవెక్కించారు. ఆయన గవర్నర్‌పేటలో ఓ హోల్‌సేల్ బట్టల కొట్లో పనిచేసేవారు. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న లంకలన్నీ తెరచాప పడవలో తిరగాలని ఎన్నాళ్లనుంచో ఆయన కోరిక. నాగాయలంక దాకా బస్సులో వెళ్లి, అక్కడ ఓ ముసలాయన పడవ మాట్లాడుకున్నాం. అమ్మ, నాన్న, నేను, రెండేళ్ల తమ్ముడు, ఆ పడవ తాత.

మొదటిరోజు గాలి బాగా పట్టింది. లంక తర్వాత లంక, మడచెట్లు, గుంపులు గుంపులుగా కొంగలు. రెండోరోజు మధ్యాహ్నం ఆటుకు నీరు వెనక్కి పోయి, పడవ ఇసుక మేట మీద కూర్చుండిపోయింది. సాయంత్రం పోటు వస్తేగానీ కదలదన్నాడు తాత. అందరూ తెరచాప నీడన కునుకు తీశారు. నాకు నిద్ర పడితేగా! ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవైసార్లు తిరిగాను. ఒళ్లంతా చెమట, చిరచిర.

పొద్దున తాత ఓ లంక ఊళ్లో నింపి తెచ్చిన మంచినీళ్ల కుండ కనబడింది. ముట్టుకుంటే చల్లగా ఉంది. ఒక గ్లాసు నెత్తిన పోసుకున్నాను. హాయిగా ఉంటే ఇంకోటి. అలా అలా కుండ ఖాళీ అయ్యింది. భయమేసింది గానీ ఎంతసేపు? చుట్టూ ఉన్నది కృష్ణే కదా, విజయవాడలో మేం తాగేది ఆ నీళ్లే కదా అనుకుని, చెంబుతో ముంచి కుండ నింపేసి మూతపెట్టాను. సముద్రం దగ్గర కృష్ణ ఉప్పగా ఉంటుందని నాకేం తెలుసు?

తమ్ముడు దాహానికి లేచాడు. అమ్మ గ్లాసు నోటికి అందిస్తే ఒక్క గుక్క తాగి కక్కేసి, గుక్కపెట్టి ఏడ్చాడు. అమ్మ రుచి చూసింది. ఆమె మొహం పాలిపోయింది. పోటు రావడానికి ఇంకా చాలాసేపుంది, వాడి పెదాలు అప్పటికే ఎండిపోయాయి.

నాన్న తాత మీద విరుచుకుపడ్డారు. పసివాడున్న పడవలో ఉప్పునీళ్లు పెడతావా, బుద్ధుందా నీకు అని వయసు కూడా చూడకుండా నానా మాటలూ అన్నారు. తాత కుండ వంక చూశాడు. తడిసిన నా జడల వంక చూశాడు. "పొరపాటైందండీ" అన్నాడు. నేను కొంగల్ని చూస్తున్నట్టు నటించాను.

తాత చిన్న బిందె పట్టుకుని దిగి, నన్ను సాయం రమ్మన్నాడు. మోకాలిలోతు నీళ్లు దాటి ఎదురుగా ఉన్న ఇసుక లంక ఎక్కాం. మొగలిపొదల పక్కన చేత్తో చెలమ గుంట తవ్వాడు. అడుగున తడి ఊరుతుంటే నేనాగలేక ఇంకా లోతుకు తవ్వేశాను. తీరా చూస్తే ఉప్పు. కసురుకుంటాడనుకున్నా. పక్కకు జరిగి మళ్లీ తవ్వాడు. తీపినీరు పైపైనే ఊరుతుందట, లోతుకుపోతే ఉప్పు తగులుతుందట. ఊరిందాన్ని కొబ్బరిచిప్పతో తీసి బిందెలో పోయడం, మళ్లీ ఊరేదాకా ఆగడం. అవతల తమ్ముడి ఏడుపు వినబడుతోంది. ఉండబట్టలేక, నీళ్లు పారబోసింది నేనేనని చెప్పేశాను. మరి తప్పు నీదేనని ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను.

"నీ పేరు చెబితే మీ నాన్నగారు నిన్ను కొట్టడంలో ఉండిపోతారమ్మా. ముందు పిల్లాడికి నీళ్లు కావాలి. తప్పెవరిదో తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు, చిప్పలోంచి చూపు తిప్పకుండానే.

తమ్ముడు ఆ నీళ్లు గటగటా తాగి అమ్మ ఒళ్లో నిద్రపోయాడు. పోటొచ్చి పడవ లేచింది. తాత ఇప్పుడు చెబుతాడు, ఇదిగో చెబుతాడు అని ఎదురుచూశాను. ఆయన చుక్కాని పట్టుకుని దారి చూసుకుంటున్నాడు. చెప్పాల్సింది నేనేనని అర్థమయ్యేసరికి ఒక లంక దాటిపోయింది. ఏడుస్తూ వెళ్లి నాన్నతో చెప్పాను.

నాన్న కొట్టలేదు. లేచి పడవ వెనక్కి వెళ్లి, తాత ముందు నిలబడి, "మిమ్మల్ని అనరాని మాటలన్నాను, క్షమించండి" అన్నారు. అప్పటిదాకా ఆయన్ని నువ్వు అన్న మనిషి. నాన్న నోట క్షమించండి అన్న మాట నేను వినడం అదే మొదలు. తాత గాభరాపడి ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఏదైనా పగిలినా, పోయినా, ఎవరో ఒకరు తప్పు నాదేనని తలవంచుకుంటారు. ఆ పడవ తాత గుర్తొచ్చి, నేను వాళ్లవంక చూడను. పక్కన ఎవరు మాట్లాడకుండా కూర్చున్నారో చూస్తాను. అడగను, అరవను. వాళ్లంతట వాళ్లే నా దగ్గరికొచ్చి చెప్పేదాకా ఆగుతాను. నాకు చేతనైన ఓపికంతా అదే.