తలుపు మీది రంగులు

బోర్డులు రాసే ఆ పెయింటరుకి, ఇంట్లో బొమ్మలేసుకుంటూ కుంచెను గది తలుపుకి తుడిచే అలవాటు. "తలుపంతా పాడుచేస్తున్నారు," అని ఎంబ్రాయిడరీ చేసే భార్య రోజూ సణుగుతుంది. ఓ ఆదివారం ఆమె బజారుకెళ్లగానే, వచ్చేసరికి నున్నగా చేసిపెడదామని గరుకు కాగితం పట్టుకుని తలుపు ముందు చతికిలబడ్డాడు. కిటికీలోంచి పడే ఎండలో అప్పుడు కనిపించింది: ప్రతి మరక పక్కనా అదే రంగు దారపు ముక్క అంటించి ఉంది. ఆమె కుట్టే పువ్వులకు అన్ని రంగులు ఎక్కడివో ఇన్నేళ్లూ అతనికి తట్టనే లేదు. ఒక్కో దారాన్నీ తడుముతూ కాసేపు లోకం మరిచిపోయాడు. పొగమంచులాంటి ఒక నీలం పక్కన మాత్రం ఎండిన జిగురు చుక్కే ఉంది. ఏదో దారం అంటించి, రంగు కలవక పీకేసినట్టుంది; సరిపోయే దారం ఎక్కడా దొరకలేదు కాబోలు. గరుకు కాగితం పక్కన పడేసి, ఆ నీలాన్నే మళ్లీ కలిపి, తెల్లదారం అందులో ముంచి, ఆరాక అక్కడ అంటించాడు. సాయంత్రం ఆమె, "ఈ తలుపు బాగుపడేదెప్పుడో," అని మామూలుగానే సణిగింది. వేలు మాత్రం ఆ నీలం దారం మీదే ఆగిపోయింది.